మూతపడిన ఒకటో తరగతి

ఇన్నేళ్లుగా ఒక మెప్పును మోస్తున్నాను. అది నాకు దక్కాల్సింది కాదు. నింద అయితే ఎప్పుడో దించుకునేదాన్నేమో. మెప్పును ఎక్కడ దించాలో తెలియలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల మొదట్లో ఢిల్లీలో ఉద్యోగం చేసేదాన్ని. ప్రభుత్వ బడుల భవనాల ప్రణాళిక చూసే ఆఫీసు. రాబోయే పది పదిహేనేళ్లలో ఏ కాలనీలో ఎంతమంది పిల్లలుంటారో అంచనా వేసి, ఎక్కడ గదులు కట్టాలో, ఎక్కడ అక్కర్లేదో చెప్పడం నా పని. ఆ పనంటే ఎంత ఇష్టమో! వీధుల్లో తిరుగుతూ తీగల మీద ఆరేసిన బట్టలు చూసేదాన్ని. చిన్న గౌన్లు ఎక్కువా, కాలేజీ చొక్కాలు ఎక్కువా? ఇంకా పుట్టని పిల్లల్ని ఊహించడం కంటే వింత ఏముంటుంది?

సరోజినీ నగర్ దగ్గర క్వార్టర్స్ మధ్య ఒక పాత బడి ఉండేది. అక్కడి ఉద్యోగుల పిల్లలు పెద్దవాళ్లయిపోయారు. ఆ బడి ఏటేటా ఖాళీ అవుతుందనీ, దాని మీద ఖర్చు వద్దనీ చెప్పాను. మా ఆఫీసరు నా అంచనాను మీటింగులో అందరికీ చూపించి పొగిడారు.

మరుసటి జూలైలో వెళ్లి చూస్తే ఒకటో తరగతి కిక్కిరిసి ఉంది. క్వార్టర్స్ వెనక గదుల్లో అద్దెకు దిగిన పనివాళ్ల పిల్లలు. నేను ముందు వాకిళ్లే చూశాను. వెనకవైపుకు తిరగలేదు.

అప్పుడే ఒప్పుకుని ఉంటే ఏమయ్యేది? సరిచేయమనేవారు, అంతే. కానీ నేను ఆ పని చేయలేదు. ఆ తరగతి పైకప్పు పెచ్చులూడుతోంది, మార్చడానికి అప్పటికి వేరే గది ఖాళీ లేదు. మరమ్మతు చేస్తే చాలని మా ఆఫీసు ఇంజనీరు నాతో అన్నాడు. ఆ మాట దాచిపెట్టి, ఆ కప్పు కింద పసిపిల్లల్ని కూర్చోబెట్టడం ప్రమాదమని, ఆ తరగతి వాళ్లనూ, ఇకపై చేరేవాళ్లనూ రింగ్ రోడ్డుకు అవతలి బడికి పంపాలని మా ఆఫీసరుకు చెప్పాను. ఆయన నన్ను నమ్మారు.

ఎందుకు చేశాను? భయమా? అహమా? రెండూ ఉన్నాయి. వాటి కింద ఇంకొకటి ఉంది, చెప్పడానికి సిగ్గేసేది. నేను ఊహించినది కళ్లముందు జరుగుతుంటే ఎలా ఉంటుందో చూడాలన్న కుతూహలం.

చూశాను. ఒకటో తరగతి ఆగిన బడిలో మరుసటి ఏడు రెండోది ఉండదు. ఆపైన మూడోది. కింది నుంచి ఒక్కో గదికీ తాళం పడుతూ వచ్చింది, అచ్చం నేను చెప్పినట్టే.

ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ సుగుణగారిది బాపట్ల వైపు. తెలుగుదాన్నని నన్ను సొంత మనిషిలా చూసేది. ఒకరోజు టీ తెప్పించి, నా ఎదురుగా కూర్చుంది.

“అంత కరెక్టుగా ఎట్టా చెప్పగలిగావే అమ్మాయ్?”

“ఏదో లెక్కలండీ,” అన్నాను.

“అచ్ఛా! ఆ పిల్లల తల్లులు ఇప్పటికీ గేటు కాడికొచ్చి అడుగుతున్నారు. అంత పెద్ద రోడ్డు దాటించే దిక్కులేక ఇళ్లలోనే ఉంచేశారంట. పిల్లలు ఇంకా వస్తారనుకున్నా నేను. నీకు తెలిసినంత నాకేం తెలుసులే. ఠీక్ హై, టీ చల్లారిపోతంది, తాగు.”

తాగాను. మరమ్మతు చేయించడానికి అప్పటికీ ఆలస్యం కాలేదు. నేను టీ బాగుందని మాత్రం చెప్పి లేచి వచ్చేశాను.

కొన్నేళ్లకు ఆ బడి మూసేశారు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు, అంచనా ఎలా వేయాలో ఆ బడినే ఉదాహరణగా చూపి నాచేత పాఠం చెప్పించారు. చెప్పాను.

ఆ కప్పు బాగుచేసి ఉంటే ఎంతమంది చదువుకునేవారు? వాళ్లు ఏమయ్యేవారు? ఇప్పటికీ నా బుర్ర ఊరుకోదు, ఊహించబోతుంది. ఊహకు అందదు. క్షమించమని అడగడానికి వాళ్ల పేర్లయినా తెలియవు. సుగుణగారికి చెప్పే ధైర్యం వచ్చేసరికి ఆవిడ లేదు.

నా అంచనా తప్పింది. తప్పిందని తెలిసీ, పిల్లల్ని బయటికి పంపి, దాన్ని నేనే నిజం చేశాను. ఈ మాట వల్ల ఎవరికీ ఏమీ తిరిగి రాదు. అయినా అన్నాను. మొదటిసారి.