ఆయన చూసివచ్చిన సైప్రస్

మేం దూదేకులవాళ్లం. ఆదోనిలో పత్తి వ్యాపారం నడిచినన్నాళ్లు మా ఇంట్లో పొయ్యి వెలిగింది. పెద్ద యుద్ధం వచ్చాక షావుకార్ల కొట్లలో పత్తి బోరాలు కదలకుండా పడిపోయాయి. దానికి తోడు వానలు లేవు. మా ఆయన ఎడ్లబండి మీద ఎమ్మిగనూరు సాలెవాళ్లకు నూలు చేరవేసేవాడు. మేత లేక ఒక ఎద్దు చచ్చిపోయింది. రెండోది నిలబడలేక తూలుతుంటే చూడలేక అమ్మేశాడు. ఆ తర్వాత కొద్దిరోజులకే కంచరగాడిదలు తోలడానికి మనుషుల్ని పటాలంలో చేర్చుకునేవాళ్లు వచ్చి రైలు స్టేషన్ ముందర బల్ల వేసుకుని కూర్చున్నారు.

"ఎద్దుల్ని తోలినోనికి కంచరగాడిద ఒక లెక్కనా?" అంటూ పోయి వేలిముద్ర వేసి వచ్చాడు. నన్నడగలేదు. అడిగినా వద్దనేదాన్ని కాదు. గాదెలో జొన్నలు అడుగంటాయి.

అప్పటికి మా పాపకు మాటలు వచ్చి కొన్నాళ్లే అయింది.

మరుసటేడు ఎండాకాలంలో ఊళ్లోకి గత్తర, అదే కలరా, వచ్చింది. కొండ కింది బావుల్లో బురదే మిగిలింది. దాన్నే గుడ్డలో వడగట్టుకుని తాగేవాళ్లం. పొద్దున రొట్టెముక్క చేతిలో పట్టుకుని వాకిట్లో తిరిగిన పిల్లకు వాంతులు పట్టుకున్నాయి. చూస్తుండగానే కళ్లు లోపలికి పోయాయి. నీళ్లు నీళ్లు అంటూనే మధ్యాహ్నానికి నా ఒళ్లో పోయింది. మా వీధిలో ఆ రోజు పోయింది పాప ఒక్కతే కాదు. బండి వచ్చి అందరినీ ఎత్తుకుపోయింది. ఊరి బయట పొడుగాటి గుంట తవ్వి, సున్నం చల్లి, కలిపి పూడ్చారట. ఆడవాళ్లను అటు రానివ్వలేదు.

ఆయనకు కబురు చేద్దామన్నాను. మా అత్త ఒప్పుకోలేదు.

"వానికి సదువు రాదు. ఆడ ఎవడో పరాయోడు సదివి వినిపిస్తే వినాల్నా ఈ మాట? వచ్చినాక నేనే సెప్తా. నువ్వు నోరు తెరవద్దు."

అత్త మాట దాటే ఇల్లు కాదు మాది. ఉత్తరం రాయించిన ప్రతిసారీ పాప బాగుందనే రాయించింది. ఆ మాట తడబడకుండా చెప్పేది. ఇంటికొచ్చాక మాత్రం అన్నం ముట్టేది కాదు.

యుద్ధం ముగిశాక ఒక మధ్యాహ్నం ఆయన జట్కా దిగాడు. కంచరగాడిద తన్నిన మోకాలు, కుంటుతూ నడిచాడు. అత్త అరుగు మీద జొన్నలు చెరుగుతోంది.

"పాప యాడమ్మా?"

"కూసోప్పా. నీళ్లు తాగు."

"బడికి గాని పోయిందా?"

అత్త చేట కింద పెట్టి చెప్పేసింది. ఎక్కువ మాటలు చెప్పలేదు. ఆయన చాలాసేపు బూట్ల తాళ్లు విప్పుతూ కూర్చున్నాడు.

"మరి బాగుందని రాపిస్తివి గదమ్మా," అన్నాడు చివరికి.

సాయంత్రం నన్ను తీసుకుని ఆ గుంట దగ్గరికి పోయాడు. అక్కడ గుంట ఆనవాలే లేదు. కంపచెట్లు మొలిచాయి, మేకలు మేస్తున్నాయి. "ఈడనా? ఆడనా?" అని అడుగుతూ ఆ కొస నుంచి ఈ కొసకు కుంటుకుంటూ తిరిగాడు. నాకు తెలియదన్నాను. నాకు నిజంగానే తెలియదు.

ఆ తర్వాత మాతో మాట్లాడడం మానేశాడు. ఊరివాళ్లతో మాత్రం, పటాలంతో పోయి ఉండివచ్చిన సైప్రస్ దీవి గురించి మాట్లాడేవాడు. మొదట అడిగింది, ఒకప్పుడు ఆయన ఎవరికి బండి తోలేవాడో ఆ పత్తి షావుకారు.

"ఆ దీవిలో పత్తి పండుతుందేమప్పా?"

"పండుతాది శెట్టీ. మన రేగడిలో మాదిరి గాదు. ఆడ రాగి ఎక్కువ. ఆ రాగి కోసరం ఎంతమంది రాజులు కొట్టుకున్యారో లెక్కలేదు."

అలా మొదలయ్యింది. పొద్దు గూకే వేళకు మా అరుగు నిండేది. నేను తలుపు చాటున రొట్టెలు కాలుస్తూ వినేదాన్ని. సముద్రం ఒడ్డున ఒక ఊరికి రాతిగోడ ఉందట, దాని మీద ఎడ్లబండి తోలుకుపోవచ్చట. వెనిస్ దొరలు కట్టారు, టర్కీవాళ్లు వచ్చి గెలుచుకున్నారు, ఇప్పుడు ఇంగ్లీషువాళ్లు ఏలుతున్నారు. గోడ లోపల ఒక పెద్ద గుడి. ముందర చూస్తే చర్చి, పక్కన చూస్తే మినారు, లోపలికి పోతే నమాజు. కొండ మీది పల్లెల్లో ఆడవాళ్లు వాకిళ్లలో కూర్చుని సూదితో తెల్లగుడ్డ మీద అల్లిక అల్లుతారట. "మన ఎమ్మిగనూరోళ్లు సూస్తే ముక్కు మీద ఏలేసుకుంటారు," అనేవాడు. చింతకాయల్లాంటి తియ్యటి నల్లకాయలు కాసే చెట్లున్నాయట. మనుషులూ తింటారు, గాడిదలూ తింటాయి. సముద్రంలో నిలబడ్డ పెద్ద బండ ఒకటి చూపించి, మా దేవత దాని చుట్టూ లేచే నురగలోంచే పుట్టిందని చెబుతారట. అందరూ నవ్వేవాళ్లు. ఆయన నవ్వేవాడు కాదు గానీ, ఆయన గొంతులో కొంచెం ప్రాణం ఉండేది. ఆ గొంతు మాకు దక్కడం లేదని నాకు కడుపు మండేది.

ఒకరోజు మసీదు దగ్గరి ముసలాయన అడిగాడు, "ఆడ మన దర్గాలు గూడా ఉండాయా?"

"ఉప్పు సెరువు ఒడ్డున ఒకటుండాది తాతా. సలికాలం ఆ సెరువు నిండా ఎర్రటి కొంగలు దిగుతాయి. ఎండాకాలం నీళ్లు ఇంకిపోయి ఉప్పు తేల్తాది. ప్రవక్తకు దగ్గరి సుట్టమంట ఒక ముసలామె, మొగుని ఎంబడి దండుతో వచ్చిందంట. కంచరగాడిద మీద నుంచి పడి ఆడనే సచ్చిపోయింది. పడిన జాగాలోనే గోరీ కట్టినారు."

ఆమె పోయి వెయ్యేళ్లు దాటిందన్నాడు. వెయ్యేళ్లయినా ఆమె ఎక్కడ పడిందో జనానికి తెలుసు. పెనం మీద రొట్టె మాడిపోయింది. అందరూ పోయాక బయటికొచ్చి అడిగాను.

"ఆ దీవి మాటలు ఇంగ ఈ ఇంట్లో వద్దు. నీకు ఆ గోరీలే గుర్తున్నాయి. బిడ్డ గుర్తులేదా?"

ఆయన కోప్పడలేదు. చాలా రోజుల తర్వాత నా ముఖం చూసి మాట్లాడాడు.

"ఆ గోరీ కాడ పాప కోసరమే దువా సేసినామ్మే. సల్లగుండాల అని. అప్పుడు సెరువంతా ఉప్పు. ఈడ గత్తర వచ్చిన ఎండాకాలమే అది. అప్పటికే పాప లేదేమో."

నేను పోయి ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నాను.

"తెలిసుంటే ఆడనే ఏడ్సుందును," అన్నాడు. "ఏడ్సేటోళ్లు శానామంది వస్తారాడికి. కిరస్తానం ఆడోళ్లు గూడా వచ్చి గుడ్డపేలికలు కట్టిపోతారు. ఏమైందని ఎవరూ అడగరు. ఈడ ఆ కంపలో నిలబడి యాడ సూసి ఏడ్సేది?"

ఆ రోజు నుంచి నాతో మాట్లాడాడు. తల్లితో మాత్రం లేదు. ఆమె వడ్డిస్తే తినేవాడు, పిలిస్తే తల తిప్పుకునేవాడు. ఒకసారి ఆమె ఆయన తువ్వాలు పట్టుకుని, "నీ కోసరమే సేసినా గదప్పా," అంది. ఆయన తువ్వాలు వదిలేసి వీధిలోకి పోయాడు. ఆమె దాన్ని మడతపెట్టి దండెం మీద వేసింది.

మరుసటి చలికాలం అత్తకు దగ్గు పట్టుకుంది. ఎమ్మిగనూరు నుంచి మా నాయన మంచి కంబళి పంపాడు, కప్పాం, కషాయాలు పోశాం. తగ్గలేదు. చివరి రోజుల్లో ఆయన మంచం పక్కన కూర్చునేవాడు, కాళ్లు ఒత్తేవాడు. నోరు మాత్రం విప్పలేదు. ఆమె కూడా ఇంక అడగలేదు.

పూడ్చిపెట్టే చోట ఆయన ఏడ్చాడని మగవాళ్లు వచ్చి చెప్పారు. మట్టి వేయనివ్వకుండా గుంటలోకి వంగి ఏడ్చాడట. నలుగురు పట్టుకుని పక్కకు తీయాల్సి వచ్చిందట. తల్లంటే ఎంత ప్రేమో అని వీధంతా చెప్పుకున్నారు.

ఇంటికొచ్చి, బావి దగ్గర కాళ్లు కడుక్కుంటూ నాతో అన్నాడు, "ఒక మాట మాట్లాడింటే ఏం పోయుండును నాకు?"

నేను ఆయన కాళ్ల మీద చెంబుతో నీళ్లు పోస్తూ నిలబడ్డాను.