బాపుకు నేను తర్జుమా చేసిన మాట

మా ప్రొఫెసర్ మా ఇంటికి వస్తున్నాడని తెలిసిన రోజు నేను ఖానాపూర్‌లో, అక్క వాళ్లింట్లో దాక్కుని ఉన్నాను. దాక్కున్నానని ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు అందరికీ చెప్పింది వేరు. అక్క వాళ్లకు పసుపు ఉడకబెట్టే పని ఉంది, సాయానికి వచ్చాను అని.

నేను బ్రిటన్‌లో గణాంకశాస్త్రంలో పరిశోధన చేసి, చివరి మౌఖిక పరీక్షలో తప్పి, పట్టా లేకుండా తిరిగివచ్చాను. ఆ సంగతి ఫోనులో చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి చెబుదామనుకున్నాను. మరమగ్గాల మీద బతికే మా సిరిసిల్ల వీధిలో బాపు, అంటే మా నాన్న, అప్పటికే నా పేరు ముందు ‘డాక్టర్’ అని పెట్టి ఫ్లెక్సీ కట్టించాడు. ఆటో దిగి దాని కింద నుంచే ఇంటికి నడిచాను. లోపలికి వెళ్లి చెప్పేశాను. బాపు నిచ్చెన తీసుకుని తనే వెళ్లి, పట్టపగలు, వీధంతా చూస్తుండగా దాన్ని విప్పి చుట్టి తెచ్చాడు. ఆడపిల్లను అంత దూరం ఎందుకు పంపుతున్నావని అడిగిన చుట్టాలందరికీ ఎదురునిలిచి జవాబు చెప్పిన మనిషి ఆయన.

నా పరిశోధన ఆదిలాబాద్ గుట్టల మీద పత్తి సాగు గురించి. అన్ని ఊళ్లకూ తిరగలేం కాబట్టి కొన్ని ఊళ్లు ఎంచుకుని, వాటిని బట్టి మొత్తం ప్రాంతపు దిగుబడిని అంచనా వేయాలి. జైనూర్ వైపు నేను ఎంచుకున్నవన్నీ జీపు పోయే ఊళ్లు. వాన పడితే దారి తెగిపోయే ఊళ్లు ఒక్కటీ అందులో లేవు. మౌఖిక పరీక్షలో పరీక్షకురాలు పటం మీద వేలు పెట్టి, ఇక్కడి మనుషులు ఎక్కడ అని మెల్లగా అడిగింది.  ఆ అడవి దారులు నాకు తెలియనివి కావు, అక్క వాళ్ల ఊరి వైపువే. అందుకే మరీ సిగ్గుగా ఉండింది.

ఆ గదిలో మా ప్రొఫెసర్ కూడా ఒక మూల కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు.

ఆయన గురించి చెప్పాలి. ఇంగ్లండ్ ఉత్తరాన ఒక బట్టల మిల్లుల ఊరు ఆయనది. తండ్రి మిల్లులో మగ్గాలు బాగుచేసేవాడు. స్కాలర్‌షిప్పు మీద బడి చదువు ముగించి, నూలు పరీక్షించే ఒక ప్రయోగశాలలో కుదిరాడు. ప్రతి కండె నూలునూ తెంపి చూస్తే ఇక అమ్మడానికి ఏమీ మిగలదు కాబట్టి, కొన్నింటిని తెంపి అన్నింటి బలం చెప్పాలి. తన శాస్త్రం అక్కడ మొదలైందని అనేవాడు. పని చేస్తూనే డిగ్రీ చదివి, విశ్వవిద్యాలయంలో లెక్చరర్ అయ్యాడు. పంటల సర్వేల మీద పుస్తకం రాశాడు, ప్రొఫెసర్ అయ్యాడు. ఆ పుస్తకాన్నే కరీంనగర్ కాలేజీలో మేం జిరాక్సులు తీయించుకుని చదివాం. మా ఇంట్లోనూ మగ్గాలున్నాయని మొదటిసారి చెప్పినప్పుడు, మీ షెడ్డులో మనుషులు అరిచి మాట్లాడుకుంటారా, పెదవులు చూసి అర్థం చేసుకుంటారా అని అడిగాడు. వాళ్ల ఊళ్లో పెదవులు చూసేవారట.

నేను వచ్చేశాక ఆయన రాసిన మెయిళ్లకు జవాబు ఇవ్వలేదు. చివరికి, హైదరాబాదులో సదస్సుకు వస్తున్నాను, మీ ఇంటికి కూడా వస్తాను, మీ అమ్మానాన్నలతో మాట్లాడాలి అని రాశాడు. వద్దనడానికి మొహం చెల్లలేదు. అక్క, బావ, నేను సిరిసిల్లకు బయలుదేరాం. బావ మస్కట్‌లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చినవాడు, ఇంగ్లీషు వచ్చు. కరీంనగర్ దాకా వచ్చిన ప్రొఫెసర్‌ను కారులో తీసుకొచ్చింది బావే.

పక్క షెడ్డులో మగ్గాలు నడుస్తున్నాయి. ప్రొఫెసర్ గుమ్మం దగ్గర ఆగి కాసేపు ఆ చప్పుడు విన్నాడు. అవ్వ, అంటే మా అమ్మ, బియ్యప్పిండితో కాల్చిన సర్వపిండి పెట్టింది, ఇష్టంగా తిన్నాడు. నేను తలుపు పక్కన నిలబడి అటూ ఇటూ మాటలు అందిస్తున్నాను. బాపు ఆయన ఆరోగ్యం అడిగాడు, ప్రయాణం అడిగాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"సారును ఒక్క ముచ్చట అడుగు బిడ్డా. నా బిడ్డకు తెల్వి తక్కువైందా, కష్టం తక్కువైందా, ఏదో ఒకటి జెప్పుమను. మందికి నేనేం జెప్పాలె?"

బావ నేల చూపులు చూశాడు. అక్క లోపలికి వెళ్లిపోయింది. నా గురించి నేనే అడగాలి. అడిగాను. మాట మధ్యలో ఆగి, మళ్లీ మొదటి నుంచి అడిగాను.

ప్రొఫెసర్ గ్లాసు కింద పెట్టి చెప్పాడు. రెండూ తక్కువ కాలేదట. నా పరిశోధన నడిచిన కాలంలో ఆయన భార్యకు జ్ఞాపకశక్తి పోయి, ఆయన్నే గుర్తుపట్టేది కాదట. నేను ఇచ్చిన అధ్యాయాలు చదివానని చెప్పాడు గానీ చదవలేదట. చదివి ఉంటే ఆ ఊళ్ల సంగతి మొదట్లోనే కనబడేది, దిద్దుకునే టైము ఉండేది. ఆ తప్పు మీ అమ్మాయి కూడా చూసుకోవాల్సిందే, కానీ ముందు చూడాల్సింది నేను అన్నాడు.

ఇదంతా నా నోటితోనే బాపుకు చెప్పాలి. చెప్పాను. బాపు నా ముఖంలోకి చూశాడు.

"ఆయన గట్లనే అన్నడా? నువ్వు కలిపి చెప్తున్నవా?"

అంతవరకు పడ్డ సిగ్గు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. బాపు బావ వైపు చూశాడు. బావ ఇబ్బందిగా, "ఈయన ఇంగ్లీషు నాకు సగమే సమజైంది మామా. మా కంపెనీల మాట్లాడేది వేరు," అన్నాడు.

ఏమంటున్నారని ప్రొఫెసర్ అడిగాడు. అదీ చెప్పాల్సి వచ్చింది: నా మాట మా నాన్న నమ్మడం లేదు. ఆయన ముఖం ఎర్రబడింది. లేచి బావ దగ్గరికి వెళ్లి, చిన్న చిన్న మాటలతో, ఆగి ఆగి, మొత్తం మళ్లీ చెప్పాడు. ఈసారి బావ చెప్పాడు.

"తప్పు తనదే అంటుండు మామా. ఇంట్ల భార్యకు పానం మంచిగ లేకుండెనట. సదివిన అని అబద్ధం జెప్పిండట. పిల్ల సుత జూసుకోవాల్సిందట, గని ముందుగాల జూడాల్సింది తనేనట."

ప్రొఫెసర్ బాపు ఎదురుగా నిలబడి రెండు చేతులూ జోడించాడు. బాపు గబుక్కున లేచి ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు. "వద్దు సారూ. ఇంటికచ్చిన పెద్దమనిషి గిట్ల చెయ్యద్దు," అని, భార్యకు ఇప్పుడెట్లుందో అడగమన్నాడు. నిరుడు పోయిందని చెప్పాడాయన. మరి వంట ఎవరు చేస్తరని అవ్వ అడిగింది. తనే చేసుకుంటాడట. అవ్వ ఇంకో సర్వపిండి తెచ్చి ఆయన పళ్లెంలో వేసింది.

వెళ్లాక ఆయన విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాశాడు. దానివల్ల పరీక్ష ఫలితం మారలేదు. డాక్టరేట్‌కు బదులు నాకు ఒక మెట్టు కింది పట్టా ఇచ్చారు. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను.

బాపు మాత్రం ఊరుకోలేదు. హోటల్ దగ్గర, మేం సాంచాలనే మరమగ్గాల షెడ్డుల్లో, కలిసినవాళ్లందరికీ చెప్పుకొచ్చాడు: తప్పు ఇంగ్లండు సారుదేనట, ఇంటికొచ్చి ఒప్పుకుని దండం పెట్టిండు అని. పిల్ల సుత జూసుకోవాల్సిందన్న ముక్క ఆ చెప్పడంలో లేదు. ఫెయిలైన పిల్ల కోసం తెల్లాయన విమానమెక్కి వచ్చి మొక్కిపోయిండట అని జనం నవ్వుకున్నారు. ఒక పెళ్లిలో నా వెనకే నిలబడి ఎవరో ఆయన నడకను అనుకరించి చూపించారు. ఇంటికి వచ్చి, ఇక చెప్పకు బాపూ అన్నాను.

"అబద్ధమా?" అన్నాడు.

అబద్ధం కాదు. 

పోయిన చలికాలం ప్రొఫెసర్ చనిపోయాడు. ఆయన విద్యార్థులు ఆన్‌లైన్‌లో సంతాప సభ పెట్టారు. ఒక్కొక్కరూ ఆయన సిద్ధాంతాల గురించి, ఆయన తయారుచేసిన డాక్టరేట్ల గురించి మాట్లాడారు. నా వంతు వచ్చినప్పుడు, ఆయన మా ఇంటికి వచ్చి మా అవ్వ చేసిన సర్వపిండి తిన్నాడని చెప్పాను. ఎందుకు వచ్చాడో చెప్పలేదు. ఆ చేతులు జోడించిన సంగతి మా ఊళ్లో ఎట్లా తిరిగిందో నాకు తెలుసు. ఇంకో చోట ఆ మాట ఎత్తడానికి నోరు రాలేదు.