వెనక సీటు

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. ఫలితాలొచ్చిన రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి, ఒళ్లో కారు వెనక సీటు పెట్టుకుని కూర్చున్న పెద్దాయనకు లడ్డూ ఇచ్చాను. ఆదివారం మైదానంలో ఆటోక్రాస్ అనే కార్ల పోటీ ఉందనీ, నేనూ నా స్నేహితుడు శీనూ కలిసి కొన్న పాత కారుకు ఇంజన్ ముట్టుకోకుండా, బరువు తగ్గాలని వెనక సీటు పీకి, మంచి టైర్లు వేశామనీ గడగడా చెప్పేశాను.

"ఎర్ర కారా? తలుపు మీద ఏడు నంబరుందా?"

"అవును కాకా! నీకెట్ల తెలుసు?"

"నిన్ననే మీర్‌పేట్ల శీను అనే పోరని దగ్గర కొన్న బిడ్డా. కారు నాదొక్కనిదే అన్నడు. పిల్లలు కూసునేందుకు గీ సీటు ఏయిస్తున్న."

లడ్డూ ఆయన చేతిలోనే ఉండిపోయింది. ఎల్బీనగర్‌లో సీటు దించడానికి ఒకవైపు నేను పట్టుకున్నాను. మా సీటు పీకిన రోజు రెండోవైపు శీను పట్టుకున్నాడు.