దాక్కున్న లాయర్లు

పట్టపగలు, ఒక పెద్దమనిషిని, ఆయన కన్నకొడుకు కళ్లెదుటే నేను మాయం చేశాను. ఆయన అప్పటికే కాలం చేసి ఉన్నారు కాబట్టి పోలీసులు రాలేదు గానీ, లేకపోతే ఈ ముక్కలు జైల్లో కూర్చుని రాసేదాన్ని. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం నాకు ముచ్చెమటలు పోశాయి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. గుణదలలో ఖాజాగారి ఫోటో స్టూడియోలో పనికి కుదిరాను. అన్నేళ్లూ నెగెటివ్‌ల మీద పెన్సిలు పెట్టి మచ్చలు దిద్దిన ఖాజాగారు కొత్తగా కంప్యూటరు, స్కానరు కొన్నారు. వాటిని చూస్తే ఆయనకు భయం. నాకు లేదు. కంప్యూటర్ కోర్సు చేసిన సర్టిఫికెట్ ఉంది, ఇంగ్లీషు నాకు వచ్చినంతగా ఆ వీధిలో ఎవరికీ రాదన్న నమ్మకమూ ఉంది. నేను తెలుగు మీడియం. ఇంగ్లీషు మాట ఎలా రాసి ఉంటే అలాగే, అక్షరం అక్షరం కూడబలుక్కుని పలకడం నా పద్ధతి. ఎల్, ఏ కలిస్తే లా. వై, ఈ, ఆర్ కలిస్తే యర్. వెరసి లాయర్.

అవునండీ. ఫోటోలు దిద్దే ఆ సాఫ్ట్‌వేరులో బొమ్మను పొరలు పొరలుగా విడదీసి పెట్టుకోవచ్చు. ఆ పొరకు ఇంగ్లీషులో ఉన్న పేరు నా నోట లాయర్ అయి కూర్చుంది. కంప్యూటర్లో లాయర్లకేం పని అన్న సందేహం నాకు ఒక్కనాడూ రాలేదు. మనుషుల తరఫున నిలబడినట్టే బొమ్మల తరఫునా నిలబడతారు కాబోలు అని సరిపెట్టుకున్నాను. చూశారా, ఎంత తెలివైన పిల్లనో!

ఒకరోజు ఖాజాగారు మంగళగిరిలో పెళ్లి ఫోటోలకు వెళుతూ, "తెలియనిది ముట్టుకోకమ్మా" అని మరీ చెప్పి వెళ్లారు. ఆయన అటు వెళ్లగానే వీరయ్యగారు వచ్చారు. గన్నవరం అవతల పల్లెలో వ్యవసాయం. గడ్డం పెరిగి ఉంది, కళ్లు వాచి ఉన్నాయి. కవర్లోంచి ఒక ఫోటో తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు. ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. పక్కన ఒక నడివయసు మనిషి ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"మా నాన్నమ్మా. రేపే పెద్దకర్మ. ఆయనది ఈ ఒక్క ఫోటోనే ఉంది. పెద్దది చేసి ఫ్రేము కట్టించాల."

"అలాగేనండీ బాబాయిగారూ. పక్కనెవరండీ?"

"మా తమ్ముడు. వాణ్ణి తీసెయ్."

"తీసెయ్యడమంటే..."

"ఫోటోలోంచి తీసెయ్యమ్మా. పొలం కాడ నా మీద కేసేశాడు. రేపు కర్మకి కూడా పిలవటంలా. ఇంక ఫోటోలో ఎందుకు?"

తండ్రి పెద్దకర్మకు తోడబుట్టినవాణ్ణి పిలవకపోవడమంటే మాటలు కాదు. ఆ గడప ఇక జన్మలో తొక్కడన్నమాట. ఆ మాట అన్నందుకు ఆయనకే బాధగా ఉందని మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. నాకెందుకులే అని పనిలో పడ్డాను.

ఫోటో స్కాన్ చేశాను. భుజం మీది చెయ్యిని తమ్ముడికే వదిలేసి, ముసలాయన చుట్టూ గీత గీసి, ఆయన్ని కత్తిరించి వేరే లాయర్లో పెట్టాను. పని జరుగుతుండగా ఆయనకు దెబ్బ తగలకూడదని ఆ లాయర్ కనబడకుండా చేశాను. ఇక స్క్రీన్ మీద తమ్ముడొక్కడే మిగిలాడు. పక్కన మనిషి ఆకారంలో తెల్లటి ఖాళీ.

"నాన్నేడమ్మా?" వీరయ్యగారు కంగారు పడ్డారు.

"క్షేమంగా ఉన్నారండీ. లాయర్ దగ్గర పెట్టాను."

"లాయర్ దగ్గరా!"

తమ్ముణ్ణి చెరపడానికి సాఫ్ట్‌వేరులో ఉండే రబ్బరు అందుకున్నాను. టంగుమని మోత. అడ్డంగా ఒక ఇంగ్లీషు మెసేజ్. గొంతు సవరించుకుని పైకి చదివి, తెలుగులో అర్థం కూడా చెప్పాను. "రబ్బరు వాడటం కుదరదంటండీ. లాయర్ దాక్కున్నాడంట."

"మా లాయరూ అంతేనమ్మా, వాయిదా రోజున కనపడడు" అన్నారు వీరయ్యగారు, ఏమాత్రం నవ్వకుండా.

ఎన్నిసార్లు నొక్కినా అదే మోత, అదే మెసేజ్. గత్యంతరం లేక, వన్‌టౌన్‌లో ఉండే సుభానీకి ఫోన్ చేశాను. మా కంప్యూటరు బిగించింది అతనే. లైను గరగరమంటోంది. అందుకని అతను చెప్పిన ప్రతి మాటా తిరిగి గట్టిగా అప్పజెబుతూ మాట్లాడాను. కొంప మునిగింది అక్కడే.

"సుభానీగారూ, లాయర్ దాక్కున్నాడండీ. పని సాగనివ్వట్లేదు."

"ఏంటి మేడమ్? లేయరా?"

పాపం, ఇతనికి ఇంగ్లీషు అంతంత మాత్రమే అనుకున్నాను. "అదేలెండి, లాయర్. మొత్తం ఇద్దరున్నారు. పైనొకడు, కిందొకడు."

"నిజమేనమ్మా, మాకు చెరొకడు" అంటూ వీరయ్యగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"ఏంటండీ?" నేను ఫోన్లో అరుస్తున్నాను. "లాయర్ అట్లా ఉన్నంతసేపూ నాన్నగారు కనపడరా? ఆ... లాయర్లని విడివిడిగా పెట్టుకుంటే ఇట్లాగే తిప్పలు పెడతారా? ఇద్దర్నీ కలిపేస్తే ఇక లాయర్లే ఉండరా? ఒకటే బొమ్మా? అందరూ కలిసుంటారా?"

నా వెనక వీరయ్యగారు ప్రతి మాటకూ తలూపుతున్నారు.

"కలిపేముందు ఒకటి చూసుకోండి మేడమ్" అన్నాడు సుభానీ. "ఆ లేయర్ పక్కన కన్ను ఉండాల. కన్ను ఉందా?"

"ఉందండీ. రెండు కళ్లూ దాని మీదే ఉన్నాయి."

లాయర్ పేరు పక్కన చిన్న కంటి బొమ్మ ఒకటి ఉంటుందని, అది ఉంటేనే ఆ పొర కనబడుతుందని అతని భావం. నేనేమో కన్నేసి ఉంచమంటున్నాడనుకున్నాను. రెప్ప కూడా వెయ్యలేదు, ఒట్టు.

"అయితే కలిపెయ్యండి" అన్నాడు. లైను కట్టయింది.

కలిపే మీట నొక్కాను. ఇంకో మెసేజ్ వచ్చింది. ఈసారిది ప్రశ్న. ఎంత నాకు ఇంగ్లీషు వచ్చినా, ఒకరి తండ్రి విషయంలో సొంత పెత్తనం చేసే మనిషిని కాదు. వెనక్కి తిరిగి మర్యాదగా అడిగాను.

"బాబాయిగారూ, దాక్కున్న లాయర్లని వదిలించెయ్యమంటారా అని అడుగుతోందండీ. ఏం చెప్పమంటారు?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

"కంప్యూటరే అడుగుతోందా ఆ మాట?"

"అవునండీ. ఔననో కాదనో చెప్పాలి."

"వదిలించెయ్యమ్మా. ఇద్దర్నీ వదిలించెయ్. పీడా పోద్ది."

నొక్కాను. నొక్కి ఊరుకోక, చేసిన పని చెడిపోకూడదని సేవ్ కూడా చేశాను.

దాంతో నాన్నగారు పోయారు. దాచిపెట్టిన లాయర్ని పారెయ్యమంటే అందులో ఉన్న ఆయన్ని కూడా పారేసింది మెషీను. ఏది నొక్కినా తిరిగి రాలేదు. స్క్రీన్ నిండా తమ్ముడే. పక్కన ఎవరూ లేరు. ఆ చెయ్యి మాత్రం ఖాళీలోకి చాచి, లేని భుజం మీద ఆనినట్టే ఉంది. నాకు ఏడుపొచ్చేసింది.

"బాబాయిగారూ, తప్పయిపోయిందండీ. నాన్నగార్ని పోగొట్టేశాను."

తిడతారనుకున్నాను. ఆయన నా వైపు చూడనేలేదు. లేచి వచ్చి స్క్రీన్‌కు దగ్గరగా మొహం పెట్టి చూశారు.

"వాడి చెయ్యి చూడమ్మా" అన్నారు. "ఎట్టా పట్టుకున్నాడో చూడు. నాన్న మంచాన పడ్డప్పుడు వాడే ఎత్తి కూచోబెట్టేవాడు. నేను ఆ లాయర్ చుట్టూ తిరుగుతా ఉన్నా. ఒక్క పూటన్నా కూచోబెట్టలా నేను."

నేను కళ్లు తుడుచుకుని, "ఫోటో స్కానర్లోనే ఉంది కదండీ, మళ్లీ స్కాన్ చేసి తమ్ముడిగారిని తీసేస్తాను" అన్నాను.

"తియ్యబాక. ఫోటో ఎట్టా ఉందో అట్టానే, ఇద్దరితోనూ పెద్దది చెయ్."

మర్నాడు ఖాజాగారూ నేనూ ఫ్రేము పట్టుకుని బస్సెక్కి ఆ ఊరు వెళ్లాం. వీరయ్యగారు పొద్దున్నే తమ్ముడింటికి స్వయంగా వెళ్లి పిలుచుకొచ్చారట. ఫ్రేమును అన్నదమ్ములిద్దరూ చెరోపక్కా పట్టుకుని బల్ల మీద నిలబెట్టారు. తమ్ముడు తన చెయ్యి ఉన్నచోటు చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నా తప్పుకు మొట్టికాయ పడకపోగా ఇంత మంచి జరిగినందుకు నాకు సంతోషంగా ఉంది. అక్కడితో అయిపోతే బాగుండేది.

పందిట్లో భోజనాలు. మా ఎదుటి వరసలో అన్నదమ్ములు పక్కపక్కనే కూర్చున్నారు. వీరయ్యగారికి అటువైపు ఆయన లాయరుగారు. చారు వడ్డిస్తుండగా వీరయ్యగారు నన్ను చూపించారు.

"ఈ అమ్మాయే లాయరుగారూ. లాయర్లు ఉన్నంతసేపూ మా నాన్న కనపడడని చెప్పింది. వదిలించుకోమంది. అందుకే కేసొద్దనుకున్నాం. ఏమనుకోబాకండి."

లాయరుగారి చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. "ఎక్కడమ్మా ప్రాక్టీసు?"

"గుణదలలోనండీ" అన్నాను వినయంగా. "ఖాజాగారి దగ్గర."

ఖాజాగారికి పొలమారింది.

"ఏ చట్టంలో ఉందమ్మా నువ్వు చెప్పిన మాట?"

"చట్టంలో కాదండీ, కంప్యూటర్లో ఉంది. లాయర్. ఎల్, ఏ, వై, ఈ, ఆర్."

ఆయన ఒక్క క్షణం ఆ అక్షరాలు లోపల కూడుకున్నారు. "అది లేయర్! పొర! లాయర్ కాదు తల్లీ!"

వరస వరసంతా నా వైపు తిరిగింది. భూమి బద్దలైతే లోపలికి వెళ్లిపోదామనుకున్నాను. లాయరుగారు మాత్రం ప్రాణం లేచొచ్చినట్టు వీరయ్యగారి వైపు తిరిగారు.

"విన్నారా వీరయ్యగారూ? ఆ పిల్ల తీసెయ్యమన్నది పొరల్ని. మమ్మల్ని కాదు. కేసు సంగతి మళ్లీ ఆలోచించుకోండి."

నా ఇంగ్లీషు దెబ్బకు కలిసిన అన్నదమ్ములు, నా ఇంగ్లీషు దెబ్బకే మళ్లీ విడిపోయేటట్టున్నారు. వీరయ్యగారు లాయరుగారి వైపు చూశారు, నా వైపు చూశారు, చివరికి వంగి తమ్ముడి విస్తరి చూశారు.

"ఆలిస్యమైంది లాయరుగారూ" అన్నారు. "మావాడు నా ఇంట్లో కూచుని పెరుగులోకి వచ్చేశాడు."

ఆ పందిట్లోనే, గుణదల మేరీమాత సాక్షిగా, ఘోరమైన ప్రతిజ్ఞ ఒకటి చేశాను. కోర్టులో కేసున్న మనిషి పక్కనుండగా ఇంగ్లీషు ముక్క పైకి చదవను గాక చదవను. ఈనాటికీ తప్పలేదు. స్క్రీన్ మీద మెసేజ్ వస్తే ముందు కుర్చీ వెనక్కి తిప్పి, "మీకు వాయిదాలేమైనా ఉన్నాయాండీ?" అని అడుగుతాను. లేవంటేనే చదువుతాను.