శాలిబండ ఉస్తాద్, మా తాత పెన్ను

శాలిబండలో పెన్నులు బాగుచేసే ఉస్తాద్ పోయాడన్న కబురు మా ఇంటికి కూరగాయల సంచీతో పాటు వచ్చింది. సంచీ దింపుతూ మా అన్న, "మన పెన్ను ఖరాబు జేసినాయన లేడా, మొన్న సచ్చిపోయిండంట. దుకాణం బంద్ వెట్టిన్రు" అన్నాడు. నేను పళ్లెం పక్కకు జరిపి లేచాను.

"గాయన నీకేమైతడే? అన్నం ముందట కెల్లి లేస్తరా?" అంది అమ్మ.

"దానికన్ని నాటకాలే అమ్మా. బీయే సదివింది గద" అని నవ్వాడు అన్న.

మా ఇంట్లో నా లెక్క ఇంతే. ఊరుకుంటే పొగరు, ఏడిస్తే నాటకం, బయటికి వెళ్తే తిరుగుడు. నేను భయపడుతున్నానని మాత్రం ఎవరికీ తట్టదు. ఆ రోజు నేను లేచింది భయంతోనే. నేను చేసిన పని తెలిసిన ఒకే ఒక్క మనిషి పోయాడు. ఇక అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఆ పెన్ను మా తాతది. ఎబొనైటుతో చేసిన నల్లటి పెన్ను. పక్కన ఇంకు పీల్చే చిన్న మీట, ఒంటి మీద ఉర్దూ అక్షరాల్లో చెక్కిన తాత పేరు. బాపు నయాపూల్ దగ్గర కోర్టులో గుమాస్తా అయినా దానితో ఎప్పుడూ రాయలేదు. ఏడాది పొడుగునా ఇనప్పెట్టెలో ఉంచి, దసరానాడు తీసి, పసుపు కుంకుమ పెట్టి ఆయుధ పూజలో పెడతాడు. మా ఇంట్లో ఉన్న ఆయుధం అదొక్కటే.

డిగ్రీ ఆఖరి పరీక్షల ముందు నా పెన్ను పాళీ విరిగింది. అడిగే ధైర్యం లేక తాత పెన్ను తీశాను. లోపల ఎన్నేళ్లనాటిదో ఇంకు గడ్డ కట్టి ఉంది. కరుగుతుందని మరిగే నీళ్లలో ముంచాను. తీసేసరికి మునిగినంత మేరా నలుపు పోయి మట్టి రంగుకు తిరిగింది. చేతులకంతా గంధకం వాసన. తుడిచి, పెట్టెలో పెట్టి, నెలల తరబడి ఆ ఇనప్పెట్టె వైపు చూడకుండా తిరిగాను.

మా అక్క ఒకసారి మ్యాట్నీ చూసి ఆలస్యంగా వచ్చింది. బాపు తిట్టలేదు, కొట్టలేదు. తెల్లారి కాలేజీకి పోవద్దన్నాడు, అంతే. అక్క మళ్లీ పోలేదు. పెన్ను సంగతి తెలిస్తే నాకూ అదే గతి. నేను కొత్తగా ఎమ్మేలో చేరి ఉన్నాను. దసరాకు పన్నెండు రోజులుంది.

మొఘల్‌పురా నుంచి నడిచి శాలిబండ వెళ్లాను. ఉస్తాద్ దుకాణం మెట్ల కింద బీరువా అంత ఉంటుంది. నిలబడ్డ గిరాకీకి ఆయన పని చేయడు. ఇంకు సీసాలొచ్చే చెక్కపెట్టె బోర్లించి కూర్చోమంటాడు. బస్సులోంచి ఎవరైనా గుర్తుపడతారని రోడ్డుకు వీపు తిప్పి కూర్చున్నాను.

ఆయన పెన్నును చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. "లోపల ఇంకు వట్టే రబ్బరు సచ్చింది. గలగలమంటుంది, ఇన్నవా?" తర్వాత వెలుతురుకు పట్టి చూశాడు. "వేన్నీళ్లల్ల ఏసినవా?"

"లేదు."

ఆయన పెన్నును ఒళ్లో పెట్టుకుని రోడ్డు మీద పోయే రిక్షాలను చూస్తూ కూర్చున్నాడు.

"ఏసిన" అన్నాను.

"గట్ల జెప్పు. హకీం తాన రోగం దాస్తరా బిడ్డా? పైసలెన్ని తెచ్చినవ్?"

"మూడు రూపాయలు."

"అసలు రబ్బరు బొంబై కెల్లి రావాలె. నీ మూడు రూపాయలకు అది రైలెక్కది గూడ." నవ్వాడు. "ఫికర్ జెయ్యకు. ఇంట్ల పగిలిన లక్కగాజులుంటే రేపు తే."

ఆ లక్కను స్పిరిట్లో నానబెడితే రెండు రోజులకు జిగురైంది. ఇంకు పోసే ఫిల్లరు రబ్బరు కోసి, పెన్ను లోపల సరిపోయేలా అమర్చి, ఆ జిగురుతో అతికించాడు. అంతకు ముందు పెన్ను విప్పడానికి దీపం మీద వేడి చేశాడు. ఒక్కో తిప్పుకు ఒక్కోసారి చెంపకు ఆనించుకుని చూసుకునేవాడు. చెంప ఓర్చినంత వేడే పెన్నూ ఓరుస్తుందట. "పెన్నుకు మంట సూపెట్టాలె, తాకనియ్యొద్దు. నువ్వైతే దానికి తానమే వోసినవ్" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. మంట పక్కన మా తాత పేరు తిరుగుతోంది.

"రంగు నల్లగ చేస్తరా?" అని అడిగాను.

"జేస్త. సన్నపొడి వెట్టి రుద్దితే పై పొర పోతది, లోపల నలుపుంది. గని పొర తోని పేరు గూడ పోతది." గోరు పెట్టి ఒక్కో అక్షరం చదివాడు. నాకు ఉర్దూ రాదు. మా తాత పేరు అంత నెమ్మదిగా ఎవరైనా పలకడం అదే మొదలు.

"పేరు పోనియ్యండి. నల్లగ చేయండి."

"నీ పేరైతే పోనిస్తుంటి. పెద్దమనిషిది, నేనెట్ల తీస్త? రంగు సంగతి ఇంట్ల నువ్వే జెప్పు. రెండు దినాలు తిడతరు, మూడో దినం బువ్వ వెడతరు."

"మా బాపు మీకు తెల్వదు."

ఆయన పాళీ తుడిచి పెన్ను నా చేతిలో పెట్టాడు. పేరు తీయలేదు.

దసరానాడు బాపు పెట్టె తెరిచాడు. పెన్నును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు. "ఇదేంది?" అన్నాడు.

చెబుదామని నోరు తెరిచేలోపల అన్న అందుకున్నాడు. "శాలిబండల పెన్నులాయన తాన ఇది కూసున్నది జూసిన బాపూ. గాడే ఖరాబు జేసిండు."

బాపు నా వైపు తిరిగాడు. అంత మెత్తటి గొంతు నేనెప్పుడూ వినలేదు. "పూజకు మంచిగ చేపిద్దామని తీస్కవోయినవా బిడ్డా?"

తల ఊపాను. అంతే. ఒక్క మాట కూడా అనలేదు. అబద్ధానికి తల ఊపితే చాలు.

మర్నాడు బాపు నన్ను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లాడు. "మా నాయిన నిశానీ అది! మంటల వెట్టి కాల్చినవ్! తెల్వని పని ఎందుకు వట్టాలె?" జనం ఆగి చూస్తున్నారు. ఉస్తాద్ పెన్ను తీసుకుని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను బాపు భుజం వెనక ఉన్నాను. ఆయన చెప్తే నా చదువు ఆ రోడ్డు మీదే అయిపోతుంది.

"ఔ సార్" అన్నాడు ఉస్తాద్. "మంట ఎక్కువైంది. గల్తీ నాదే." డబ్బా తెరిచి నా మూడు రూపాయలు బాపు చేతిలో పెట్టాడు.

బాపు కోర్టులో అందరికీ చెప్పాడు. ఉస్తాద్ గిరాకీలో సగం ఆ కోర్టు గుమాస్తాలే. బాల్‌పెన్నులు వచ్చి మిగిలిన సగాన్ని అప్పటికే తినేస్తున్నాయి.

కొన్ని వారాలకు ఒక్కసారి వెళ్లాను. కూర్చోమని పెట్టె జరిపాడు. నేను కూర్చోలేకపోయాను. "సదువు నడుస్తుందా?" అన్నాడు.

"నడుస్తుంది. మీరు ఎందుకు ఒప్పుకున్నరు?"

"నీ మొఖం జూసిన. అంత బుగులు వట్టిన మొఖం మీదికెల్లి ఇంకేం తీస్త?" కాసేపు చేతిలోని పాళీని గుడ్డతో తుడిచాడు. "గని ఒప్పుకున్నంక నేనైతే ఇప్పుడు జెప్పలేను. జెప్తే నువ్వే జెప్పాలె. ఎప్పుడన్న జెప్పు."

ఆ తర్వాత ఏడాదికి పైగా వేరే గల్లీలోంచి నడిచాను. ఆయన దగ్గుతున్నాడని విన్నాను, వెళ్లలేదు. ఆయన అడుగుతాడని కాదు. అడగడని.

నిన్న వెళ్లాను. తలుపుకు తాళం ఉంది. బాగుచేసిన ప్రతి పాళీనీ ఆయన ఆ తలుపు చెక్క మీదే గీసి చూసేవాడట, పక్క దుకాణం ఆయన చూపించాడు. సన్నటి నిలువు గీతలు, వందలు, నీలం, నలుపు, ఎరుపు. కింది వరసలు వానకు తడిసి కారాయి. పైవి ఇంకా నిటారుగా నిలబడి ఉన్నాయి. వేలు పెట్టి చూస్తే ఇంకు అంటలేదు.

నా ఎమ్మే ఇంకా ఆరు నెలలుంది. బాపు మాన్పిస్తాడేమో, తెలియదు. పెన్నును మరిగే నీళ్లలో వేసింది నేను. ఈ ఆదివారం పొద్దున బాపు ఇంట్లో ఉంటాడు. పత్రికకు అచ్చుకు పంపేముందు, ఇదంతా రాసిన ఈ కాగితాలు ఆయన ముందు కూర్చుని మొత్తం చదువుతాను.