నాలుగు సెకన్ల లారీ, గొల్లపల్లి సింగం

పాత సినిమాలో పాట వస్తుంటే అందరూ హీరోయిన్‌ను చూస్తారు. నేను ఆమె వెనక రోడ్డు మీద పోయే లారీని చూస్తాను. మా ఆవిడ దీన్ని జబ్బంటుంది, నేను సరదా అంటాను. ముక్కు పొడవుగా ఉండే ఆ కాలపు లారీ ఏ రకమో, ఎప్పటిదో పోల్చి ఈ బ్లాగులో రాస్తుంటాను. కిందటి వేసవిలో ఒక నలుపు తెలుపు పాటలో నాలుగు సెకన్లు కనిపించే లారీ గురించి అలాగే రాశాను. డాడ్జి, ఫార్గో లారీలు ఒక తల్లి బిడ్డల్లా ఉంటాయి. ముందు రేకు మీద పేరు చదివితే తప్ప తేడా తెలియదు. ఆ మసక బొమ్మలో పేరు చదివి ఫార్గో అని తేల్చినందుకు నాకు కాస్త గర్వంగా కూడా ఉండింది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లి నుంచి పద్మ అనే ఆమె, "అది మా నాన్న నడిపిన లారీ అని మా అమ్మ అంటుంది. దాని నెత్తి మీద సింగం ఉండేదట" అని ఆ పోస్టు కింద రాసింది. బొమ్మను పెద్దది చేసి చూశాను. క్యాబిన్ పైన వంకర కొక్కెంలాంటిది ఏదో ఉంది గానీ సింహం లేదు. "సింహం లేదండీ. ఇది మద్రాసు లారీ" అని జవాబిచ్చి ఊరుకున్నాను.

రెండు వారాల కిందట పద్మ మళ్లీ రాసింది. ఊళ్లో ఎవరో నా జవాబును వాళ్లమ్మకు చదివి వినిపించి నవ్వారట. ఆ లారీ కథ చెప్పీ చెప్పీ "సినిమా రమణమ్మ" అని పేరు తెచ్చుకున్న ఆవిడ, ఇప్పుడు ఆ మాటే ఎత్తడం లేదట. "అమ్మ అబద్ధాలు చెప్పే మనిషి కాదండీ" అని ఉంది చివర. ఆ వాక్యం నన్ను స్థిమితంగా ఉండనివ్వలేదు. భర్త పోయాక ఆవిడకు మిగిలిన నాలుగు సెకన్లను నేను లాగేసుకున్నానా అనిపించింది. వెళ్లి చూసి, నాదే తప్పయితే తప్పని రాద్దామనుకున్నాను.

ఆదివారం ఉదయం ఆరున్నరకు శ్రీకాకుళం కాంప్లెక్సులో, రాజాం మీదుగా బొబ్బిలి పోయే బస్సెక్కాను. ఎచ్చెర్ల దాటి, చిలకపాలెం దగ్గర హైవే వదిలేశాక ప్రయాణం హాయిగా సాగింది. కిటికీ పక్క సీటు దొరికితే రెండు వైపులా నాట్లు చూసుకుంటూ వెళ్లొచ్చు. ఎనిమిదింటికి రాజాంలో టిఫిను తినేంతసేపు ఆపారు. తొమ్మిదిన్నరకు బొబ్బిలిలో దిగి, వంద రూపాయలకు గొల్లపల్లి ఆటో మాట్లాడుకున్నాను.

"వీణ కొంతారేటి బావూ?" అని అడిగాడు ఆటో అతను. ఆ ఊరికి బయటివాళ్లు వచ్చేది వీణల కోసమే.

"లేదు, ఒక లారీ సంగతి కనుక్కోడానికి."

"గొల్లపల్లిలో లారీ ఏటుంతాది?" అని నన్నొకసారి అద్దంలో చూశాడు.

రమణమ్మగారి తమ్ముడు అప్పలస్వామి వీణలు చెక్కుతాడు. పద్మ చెప్పిన గుర్తులతో ఆయన పాక చేరాను. ముందు పనస చెక్క పొట్టు కుప్పలు. అక్కడే మంచం మీద కూర్చుని ఉన్న రమణమ్మగారు నా పేరు వినగానే తలెత్తారు.

"మా లారీ కాదన్న బాబువి నువ్వేనా?"

"నేనేనమ్మా."

"సర్లే, కూకో. టీ తాగుతావేటి?"

తిట్టినా బాగుండేది. టీ గ్లాసు పట్టుకుని ఆవిడ చెప్పింది విన్నాను. భర్త సూర్యనారాయణ మామిడికాయల లోడు దించి వస్తుంటే మద్రాసు పొలిమేరలో సినిమావాళ్లు ఆపి, ఒకసారి ఇలా పోనిమ్మన్నారట. మధ్యాహ్నం భోజనం కూడా పెట్టారట. అంతా నమ్మేలాగే ఉంది. "కానీ సింహమేదమ్మా? జూలూ, తోకా ఏమీ లేవు" అన్నాను.

అప్పలస్వామి ఉలి పక్కన పెట్టి పకపకా నవ్వాడు. "జూలేటి బావూ! సింగమంటే ఇదీ" అంటూ గోడకు ఆనించిన వీణను తిప్పి చూపించాడు. దాని చివర నోరు తెరుచుకుని, మూతి కిందికి వంచుకుని ఒక తల ఉంది. నేను కొక్కెం అనుకున్నది అదే. ఈ ఊళ్లో సింగం అంటే వీణకుండే తల.

"పని నేర్సుకున్నప్పుడు సెక్కినాను. ఎడం సెవి ఇరిగిపోనాది. మా నాన్న పొయ్యిలో ఎట్టీమన్నాడు. మా బావేమో అట్టుకెల్లి లారీ నెత్తి మీద మేకులు కొట్టీసినాడు."

ఆయనకు నేను ఇంకా బొమ్మ చూపించలేదు. ఫోను తీసి, పాటను ఆ చోట ఆపి, పెద్దది చేశాను. కుడి చెవి నిక్కబొడుచుకుని ఉంది. ఎడమ పక్క ఏమీ లేదు. సిగ్గేసింది. సంతోషంగానూ ఉంది.

"మీ లారీయేనమ్మా. నేను తప్పు రాశాను" అని ఫోను ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ సింగాన్ని చూడనేలేదు. డ్రైవరు మొహం నీడలో ఉంది. తలుపు మీదుగా మోచెయ్యి ఒకటి బయటికి కనిపిస్తోంది. దాని మీద వేలు పెట్టారు.

"ఇదిగో, సెయ్యి బయట ఎట్టినాడు! ఎట్టొద్దని సెప్పీ సెప్పీ నా నోరు పోనాది. ఇన్నాడు కాదు" అని కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. "మల్లీ ఎయ్యి బాబూ." ఆరుసార్లు వేశాను.

అన్నం పెట్టందే కదలనివ్వలేదు. రెండింటి బస్సుకు తిరిగొస్తూ ఆలోచించాను. ఇన్నేళ్లుగా లారీ ముక్కు చూశాను, రేకు మీద పేరు చదివాను, చక్రాలు లెక్కపెట్టాను. లోపల కూర్చుని నడిపే మనిషిని ఒక్కసారి కూడా పట్టించుకోలేదు. అందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

పాత లారీలను పోల్చే సరదా మీకూ ఉంటే ఒక్క సలహా. ఆ ఊరివాళ్లు ఒక గుర్తు చెబితే, కాదనే ముందు వెళ్లి, ఆ మాటకు అక్కడ అర్థమేమిటో అడగండి. పాత పోస్టులో ఇప్పుడిలా మార్చాను: "ఫార్గో. బొబ్బిలి లారీ. నెత్తి మీద ఒంటి చెవి సింగం. నడుపుతున్నది గొల్లపల్లి సూర్యనారాయణ." రమణమ్మగారికి ఫోన్లో చదివి వినిపించాను. ఆవిడ అన్నారు, "సెయ్యి బయట ఎట్టినాడని కూడా రాయి."

రాశాను.