నా వంతు వచ్చేసరికి

నాకు నత్తి. ఈ ముక్క ముందే చెప్పేస్తే తర్వాత ఎవరికీ మొహమాటం ఉండదు. నత్తి ఉన్న మనిషి ఇంగ్లిష్ లెక్చరర్ ఎలా అయిందని కొందరు ఆశ్చర్యపోతారు. మామూలు మాటల్లో అయితే తప్పించుకోవచ్చు. 'ప' దగ్గర గొంతు పట్టేస్తుందని నాకు ముందే తెలిసిపోతుంది. 'పుస్తకం' అనకుండా 'టెక్స్ట్' అని గట్టెక్కుతాను. ఆ విద్యలో ఆరితేరాను.

తప్పించుకోలేనివి రెండే, పద్యమూ బైబిలు వాక్యమూ. వాటిలో మాట మార్చడానికి లేదు.

లాలాగూడలో మా ఇంట్లో రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన ఉంటుంది. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన నాన్న పాట ఎత్తుకుంటాడు. తర్వాత అమ్మ, అన్నయ్య, వదిన, నేను వరుసగా తలా ఒక వాక్యం చూడకుండా చెప్పాలి. నా వంతు వస్తోందనగా నాన్నకు దగ్గు వస్తుంది. దగ్గి, నేరుగా ముగింపు ప్రార్థనలోకి దిగిపోతాడు. నా చిన్నప్పటి నుంచీ ఆ దగ్గు సరిగ్గా ఆ టైముకే వస్తోంది. చుట్టాలున్న రోజుల్లో మాత్రం దాన్ని నమ్ముకోకుండా, టీ పెట్టే నెపంతో నేనే వంటింట్లోకి జారుకుంటాను.

అందుకే ఆంగ్లో-శాక్సన్ల పాఠం మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. వెయ్యేళ్లకు పూర్వపు ఇంగ్లండు. పొడవాటి చెక్క హాలు, మధ్యలో నిప్పు, కళ్లు మండించే పొగ, తేనె పులియబెట్టి చేసిన మద్యం. విందులో హార్ప్ అనే చిన్న తీగల వాద్యం ఒకటి చేతులు మారుతుంది. ఎవరి చేతికి వస్తే వాళ్లు పాడాలి. పాట రానివాడు అది తన దాకా రాకముందే లేచి పశువుల కొట్టంలోకి పోయేవాడట. వాడికి కొట్టం, నాకు వంటిల్లు. ఆ మనిషి నాకు దగ్గరి చుట్టంలా అనిపించాడు.

వాళ్ల పద్యాలు మాత్రం నత్తివాళ్లను ఏడిపించడానికే కట్టినట్టుంటాయి. ఒక్కో పాదంలో మూడు మాటలు ఒకే శబ్దంతో మొదలవుతాయి. ఒక్క 'బ' దాటడమే గగనమైతే వరుసగా మూడా! ఏటా పాఠంలో ఉన్న పద్యాన్ని ఎవరో ఒక పిల్ల చేత చదివించేదాన్ని, లేదంటే ఫోన్లో రికార్డింగు పెట్టేదాన్ని.

ఈ ఏడాది అది సాగలేదు. కార్ఖానా ఏరియాలోని మా కాలేజీలో నాది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. పొడిగించాలా వద్దా తేల్చుకోవడానికి ప్రిన్సిపాల్ నా క్లాసుకు వస్తానన్నారు. "ఫోన్లు గీన్లు వద్దు మేడం, పద్యం మీరే చదవాలె" అని ముందే చెప్పేశారు. నాకు ప్రాణం మీదికొచ్చింది. ఎప్పుడో చచ్చిపోయిన ఆ కవుల మీద ఒళ్లు మండింది కూడా.

వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి సాధన మొదలుపెట్టాను. ప్రతి పాదానికీ నాలుగు దరువులు, సరిగ్గా మధ్యలో ఒక విరామం. గరిటెతో గట్టు మీద దరువేస్తూ చదివాను. మొదట్లో గరిటె ఒక దారి, నోరు ఒక దారి. తర్వాత్తర్వాత దరువు పడగానే నోరు దానంతటదే తెరుచుకోవడం మొదలైంది. ఊపిరి అందదేమో అనుకునేసరికి పాదం మధ్యలో విరామం వచ్చి ఆదుకునేది.

"ఏందమ్మా, వంటింట్ల వడ్రంగి పని షురూ చేసినవా?" అన్నాడు నాన్న గుమ్మంలోంచి.

"పాఠం నాన్నా" అన్నాను.

ప్రిన్సిపాల్ వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. నోరు విప్పడాన్ని ఆ కాలంవాళ్లు మాటల పెట్టె తాళం తీయడమనేవారని పిల్లలకు చెప్పాను. నా పెట్టె తాళం సంగతి చెప్పలేదు. తర్వాత అందర్నీ బల్లల మీద దరువెయ్యమని, ఆ చప్పుడు మీద చదివాను. మూడు 'బ'లూ దాటాను. ఒకచోట ఆగిపోయాను. పిల్లలు దరువు ఆపలేదు, నేను మళ్లీ అందుకున్నాను.

"మేడం, ఈ పేపర్ల ఫస్ట్ టైం నిద్ర రాలే" అంది ముందు బెంచీ పిల్ల.

ప్రిన్సిపాల్ నవ్వుతూ లేచారు. "వచ్చే ఏడు సుత ఈ పేపర్ మీరే చెప్పాలె."

గుండెల మీది బండ దిగిపోయింది. స్టాఫ్ రూముకు వెళ్లి సీసాలో నీళ్లన్నీ గటగటా తాగేశాను. ఇంటికి వచ్చేదాకా ఆటోలో ఒక్కదాన్నే నవ్వుకుంటూ కూర్చున్నాను.

ఆ సాయంత్రం ప్రార్థనలో వదిన తన వాక్యం చెప్పడం అయింది. నాన్న దగ్గాడు.

"నాన్నా, జెర ఆగు. నా వంతు" అన్నాను.

మోకాలి మీద వేళ్లతో దరువేసుకుంటూ మొదలుపెట్టాను. అది చిన్న వాక్యం కాదు. సండే స్కూల్లో నేర్చుకుని, ఎన్నడూ ఎవరికీ అప్పజెప్పని పొడుగాటి కీర్తన. రెండుచోట్ల మాట తట్టుకుంది. ఎవరూ తొందరపడి మాట అందించలేదు, అందుకు వాళ్లకు ఎంత రుణపడ్డానో. చివరి మాట దాకా వెళ్లాను.

ఇక ముగింపు ప్రార్థన నాన్న చెయ్యాలి. ఆయన కళ్లు మూసుకుని అలాగే కూర్చున్నాడు.

"మామయ్యా, ప్రార్థన చెయ్యరా?" అంది వదిన మెల్లిగా.

నాన్న మళ్లీ దగ్గాడు. ఈసారి నిజంగానే ఆయన గొంతు పట్టేసింది.